గుండు పాపకి హెడ్‌బ్యాండు: కోఠీ, జనరల్ బజార్‌లో దొరికేవాటిలో ఏది కొనాలి, ఏది వద్దు

"బాబు పేరేంటండీ?" లిఫ్టులో ఒకరు, మెట్రోలో ఒకరు, పెళ్లి భోజనాల దగ్గర ఇంకొకరు. ఈ ప్రశ్నకి రోజూ జవాబు చెప్పలేక ఆడపిల్ల తల్లులు కొనే వస్తువు హెడ్‌బ్యాండు. కొనడం తప్పేమీ కాదు. కానీ కోఠీ సుల్తాన్ బజార్‌లో, సికింద్రాబాద్ జనరల్ బజార్‌లో తోరణాల్లా వేలాడదీసి అమ్మేవాటిలో నెలల పిల్లల తలకి పనికొచ్చేవి కొన్నే. ముందే తేల్చి చెప్పేస్తాం. వెడల్పాటి మెత్తటి నైలాన్ బ్యాండు, అదే గుడ్డతో ముడి కుట్టి ఉన్నది తీసుకోండి. లేసు ఇలాస్టిక్‌వి, రాళ్లూ ముత్యాలూ అతికించినవి, గట్టి ప్లాస్టిక్‌వి ఎంత ముద్దొచ్చినా చేతిలోకి కూడా తీసుకోవద్దు.

అసలు తలకే ఎందుకు పెట్టాలి, చెవులకి పోగులున్నాయి కదా అంటారు. పోగులు చూసి ఎవరూ పోల్చుకోలేరు, అది వాళ్ల తప్పూ కాదు. మన ఇళ్లలో మగపిల్లాడికీ చెవులు కుట్టిస్తాం. వెండి పట్టీలు ఇద్దరికీ పెడతాం, నల్ల గాజులు ఇద్దరికీ వేస్తాం, మొలతాడు ఇద్దరికీ కడతాం. బుగ్గ మీద, అరికాల్లో దిష్టి చుక్క ఇద్దరికీ ఉంటుంది. పుట్టువెంట్రుకలు తీయించే ముందు మగపిల్లాడికి గౌను తొడిగి, పిలక వేసి, పూలు పెట్టి ఫొటో తీయించుకునే ఇళ్లు ఎన్నో. బట్టల రంగు చూసీ చెప్పలేం. కడుపులో ఉన్నది ఆడో మగో చెప్పడం 1994 నాటి చట్టం ప్రకారం నేరం కాబట్టి, కాన్పుకి ముందే సర్దిపెట్టుకునే సంచిలో పసుపు, తెలుపు, లేత ఆకుపచ్చ బట్టలే ఎక్కువ. పుట్టకముందు కొత్త బట్ట కొనని ఇళ్లలో మొదటి రోజులన్నీ పాత నూలు చీర ముక్కలతో, అక్క కొడుకు వాడి వదిలేసిన జబ్లాలతో గడిచిపోతాయి. గులాబీ ఆడపిల్లకి, నీలం మగపిల్లాడికి అన్న లెక్క కూడా ఎప్పటినుంచో ఉన్నదేం కాదు. 1918లో అమెరికాలో పిల్లల బట్టల వ్యాపారుల పత్రిక ఒకటి దీనికి సరిగ్గా తలకిందులుగా రాసింది.

దానికి తోడు మన పిలుపులు. ఆడపిల్లని "నాన్నా", "కన్నా", "ఏరా బంగారం" అంటాం. మగపిల్లాడిని "అమ్మా", "తల్లీ" అంటాం. ఆటోలో తండ్రి "ఏడవకురా నాన్నా" అనగానే పక్కన కూర్చున్న మనిషి "ఎన్నో నెల వీడికి?" అని అడుగుతాడు. అడగడానికి నోరు తెరిస్తే తెలుగులో "బాగున్నాడు", "బాగుంది" రెండింట్లో ఒకటి ఎంచుకోక తప్పదు. హైదరాబాద్‌లో ఉర్దూలో పలకరించేవాళ్లకీ అదే ఇబ్బంది, "ప్యారా" అనాలి, కాకపోతే "ప్యారీ" అనాలి. పాపేమో భుజం మీదో, క్యారియర్ పౌచ్‌లోనో ఉంటుంది. ఒంటి మీద గౌను ఉన్నా, దాని మీద ఏం రాసున్నా పౌచ్‌లోంచి కనపడదు. వెనకనుంచి చూసేవాళ్లకి తల ఒక్కటే కనిపిస్తుంది. అందుకే ఈ పనికి మార్కెట్లో ఉన్న వస్తువులన్నిట్లో నిజంగా పనిచేసేది హెడ్‌బ్యాండు ఒక్కటే.

మెత్తటి నైలాన్ బ్యాండు. ఆడవాళ్ల స్టాకింగ్స్ గుడ్డ లాంటి పల్చటి గుడ్డ. పెట్టినప్పుడు 3, 4 సెంటీమీటర్ల వెడల్పు పరుచుకోవాలి. లాగితే ఇట్టే సాగుతుంది, వదిలితే నిదానంగా వెనక్కి వస్తుంది. బిగువంతా ఆ వెడల్పు మీద సర్దుకోవడంతో నుదుటి మీద గీత పడదు, పడినా కాసేపట్లో పోతుంది. పల్చగా ఉంటుంది కాబట్టి లోపల చెమట నిలవదు. కొనేటప్పుడు లోపలివైపు తిప్పి అతుకు చూడండి. దారంతో కుట్టిన అతుకు సన్నగా, వేలితో రాస్తే తగిలీ తగలనట్టు ఉండాలి. కొన్నిట్లో కుట్టుకి బదులు జిగురు పెట్టి, పైన చిన్న ఫెల్ట్ ముక్క అతికిస్తారు. అది ఎండి అట్టలా గట్టిపడుతుంది. పాప వెల్లకిలా పడుకుంటే సరిగ్గా ఆ గట్టి ముక్క మీదే తల ఆనుతుంది. బ్యాండు పెట్టగానే కారణం లేకుండా గింజుకునే పిల్లల విషయంలో మొదట చూడాల్సింది ఆ అతుకే. ఈ రకానికి ఉన్న లోపం ఒకటే, నూనె రాసిన తల మీద జారిపోతుంది. కొబ్బరినూనె మర్దనా చేసి, స్నానం చేయించి, తల పూర్తిగా ఆరాకే పెట్టాలి.

బనీను గుడ్డ బ్యాండు, అంటే సాగే కాటన్ రిబ్‌ది, రెండో స్థానం. ఏప్రిల్, మే ఎండల్లో చెమట పీల్చడంలో నైలాన్ కన్నా ఇదే మేలు. కానీ ఉతుకుల తర్వాత సాగి వేలాడుతుంది. అందుకే రెండు కొని మార్చి మార్చి వాడుకోవాలి.

లేసు ఇలాస్టిక్ బ్యాండు బజార్లో అన్నిటికన్నా ఎక్కువగా కనపడేది, మేం గట్టిగా వద్దనేదీ ఇదే. వెడల్పు ఒకటి, ఒకటిన్నర సెంటీమీటర్లు. నైలాన్‌లో నాలుగు సెంటీమీటర్ల మీద పడే బిగువంతా ఇక్కడ ఒక్క సెంటీమీటరు మీద పడుతుంది, కాబట్టి అదే బిగువుకి ఒత్తిడి నాలుగింతలు. లేసు అంచు చూడ్డానికి సుతారంగా ఉంటుంది గానీ చేతికి గరుకు. చెమట పట్టిన నుదుటి మీద అది అటూ ఇటూ కదిలితే సాయంత్రానికి ఎర్రటి పొక్కులు వరసగా తేలతాయి. చెమటకాయలనుకుని పౌడర్ చల్లుతారు, మర్నాడు మళ్లీ అదే బ్యాండు పెడతారు, పొక్కులు తగ్గవు. బ్యాండు ఉన్నచోటే, గీత గీసినట్టు పొక్కులుంటే కారణం బ్యాండే.

టర్బన్ బ్యాండు (తలపాగాలా చుట్టి ముందు ముడి ఉండేది) ఫొటోకి బాగుంటుంది. చెవులూ, తలలో చాలా భాగమూ కప్పేస్తుంది. డిసెంబరు, జనవరి పొద్దుటి చలికి, ఏసీ బాగా వేసిన ఫంక్షన్ హాల్లో కాసేపు పెట్టొచ్చు. నెలల పిల్లలు ఒంట్లో వేడిని తలనుంచి కూడా బాగానే వదులుకుంటారు, అందుకని ఎండాకాలం ఆటో ప్రయాణంలో ఇది పెట్టకూడదు. గట్టి ప్లాస్టిక్ బ్యాండు చివర్లు రెండు చెవుల వెనకా ఎముకని నొక్కుతాయి, రెండేళ్లు దాటేవరకు దాని ఊసే వద్దు. జుట్టు లేని తలకి అతికించే స్టిక్కర్ బో అని ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు. జిగురుని పసిపిల్ల మాడు దగ్గర చర్మం మీద అంటించి, మళ్లీ లాగి పీకడం ఎందుకు? వద్దు.

ఇక సైజు. అందరూ పొరపడేది ఇక్కడే. "ఫ్రీ సైజ్, ఏ వయసుకైనా సరిపోతుంది" అని షాపాయన అంటాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎదుగుదల పట్టికల్లో ఆడపిల్లల తల చుట్టుకొలత మధ్యస్థంగా పుట్టినప్పుడు 34 సెంటీమీటర్లు, మూడో నెలకి 39.5, ఆరో నెలకి 42, ఏడాదికి 45. మొదటి మూడు నెలల్లోనే ఐదు సెంటీమీటర్లకి పైగా పెరుగుతుంది, ఆ తర్వాతి తొమ్మిది నెలలూ కలిపి అంతే. అంటే బారసాలకి కొన్న బ్యాండు మూడో నెలకే బిగుతవుతుంది. ఆరో నెలలో సరిగ్గా చూసుకుని కొన్నదైతే ఏడాది దాకా లాగుతుంది.

కొలత తీసుకోవడానికి టేపు అక్కర్లేదు, ఒక నూలు దారం చాలు. కనుబొమల పైనుంచి, చెవుల పైభాగం మీదుగా, తల వెనక అన్నిటికన్నా ఉబ్బెత్తుగా ఉన్నచోట చుట్టి, రెండు చివరలూ కలిసిన దగ్గర ముడి వేయండి. ఆ దారాన్ని పర్సులో వేసుకుని బజారుకి వెళ్లండి. షాపులో బ్యాండుని కౌంటరు మీద పరిచి, దారాన్ని ముడి దగ్గర పట్టుకుని సగానికి మడిచి పక్కన పెట్టండి. మెత్తటి నైలాన్ అయితే పరిచిన బ్యాండు పొడవు మడిచిన దారం కన్నా రెండు సెంటీమీటర్లు, మహా అయితే మూడు, తక్కువ ఉండాలి. 42 సెంటీమీటర్ల తలకి మడిచిన దారం 21 వస్తుంది, బ్యాండు 18 నుంచి 19 ఉంటే సరి. తర్వాత రెండు చేతుల చూపుడువేళ్లూ లోపల పెట్టి దారం అంత పొడవుకి లాగండి. వేళ్లతోనే సాగితే తీసుకోండి. పిడికిలి బిగించి లాగాల్సి వస్తే పెట్టేయండి, ఎంత తగ్గించి ఇచ్చినా.

ఇంటికొచ్చాక ఒక్కసారి ఉతికి ఆరేయండి. పెట్టేటప్పుడు తలమీదుగా లాగి దించకూడదు. ముందు మెడలోకి దండలా వేసి, అక్కణ్ణుంచి పైకి ఎత్తి నుదుటి మీద, కనుబొమలకి రెండు వేళ్ల ఎత్తున నిలపాలి. వెనకవైపు తల ఉబ్బు కిందకి రావాలి, లేకపోతే పైకి లేచిపోతుంది. మాడు మీద మాత్రం ఆనకూడదు. అక్కడి ఎముకలు మామూలుగా ఏడాదిన్నర లోపు కలుసుకుంటాయి, అంతవరకు అది మెత్తటి చోటే. బ్యాండు కింద మీ వేళ్లు రెండు ఇబ్బంది లేకుండా దూరాలి. ఇరవై నిమిషాలయ్యాక తీసి నుదురు చూడండి. లేత గీత పడి పది నిమిషాల్లో పోతే పరవాలేదు. పావుగంట తర్వాత కూడా వేలికి తగిలేంత గాడి కనిపిస్తే ఆ బ్యాండు ఆ తలకి చిన్నది, "వాడుతుంటే సాగుతుందిలే" అని ఊరుకోవద్దు.

అలంకారం గురించి గట్టిగానే చెప్పాలి. బజార్లో దొరికే పూలు, రాళ్లు, ముత్యాలు చాలావరకు గ్లూ గన్‌తో పెట్టే వేడి జిగురుతో అతికించినవి. వేడికి కరిగించి పెట్టిన జిగురు మళ్లీ వేడికే మెత్తబడుతుంది. మేలో ఎండలో నిలిపిన కారులో వదిలేసిన బ్యాండుకి రాయి ఊడితే ఆశ్చర్యం లేదు. అది నేరుగా వెళ్లేది పాప నోట్లోకే. మూడేళ్లలోపు పిల్లల బొమ్మలకి పెట్టే చిన్న ముక్కల పరీక్షలో ముక్కని వేసి చూసే గొట్టం అడ్డకొలత 31.7 మిల్లీమీటర్లు. అందులో పట్టే ముక్క ఏదైనా గొంతుకి అడ్డం పడగలదనే లెక్క. బొమ్మలకి మన దేశంలో 2021 నుంచి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. హెడ్‌బ్యాండు బొమ్మల కింద రాదు, కాబట్టి ఆ పరీక్ష మీరే చేసుకోవాలి. పువ్వుని గోటితో పట్టి గట్టిగా లాగండి, షాపాయన ఏమనుకున్నా సరే. చిన్న జిగురు బొట్టు కనిపించినా వద్దు. అదే గుడ్డతో ముడేసి, దారంతో కుట్టిన బో ఒక్కటే క్షేమం.

ఎప్పుడు తీసేయాలో కూడా తెలిసుండాలి. భుజాన వేసుకున్నప్పుడు నిద్రమత్తులో పాప మొహాన్ని మీ భుజానికేసి రుద్దుతుంది. రెండో రుద్దుకి బ్యాండు కనుబొమల మీదకి, మూడో రుద్దుకి కళ్ల మీదకి వస్తుంది. ఇంకా జారితే ముక్కు మూస్తుంది, ఇంకా జారితే మెడలో పడుతుంది. కాబట్టి నిద్రలో వద్దు, ఉయ్యాల్లో వద్దు. పాప వెనక సీట్లో ఉండి మీరు ముందు సీట్లో ఉంటే కారులో కూడా వద్దు. మెలకువగా, మీ కళ్లెదుట ఉన్నప్పుడు, ఒక విడతకి గంట లోపు. ఫంక్షన్‌కి వెళ్తే ఆ గంట చాలు, చూసేవాళ్లంతా ఆపాటికి చూసేస్తారు.

కొనకుండా ఇంట్లో చేసుకుంటే ఇంకా మేలు. సాగే గుణం పోని పాత టీషర్టు తీసుకుని, గుడ్డ ఎటు లాగితే ఎక్కువ సాగుతుందో ఆ వైపు పొడవు వచ్చేలా 8 సెంటీమీటర్ల వెడల్పు పట్టీ కత్తిరించండి. పొడవు తల కొలత కన్నా ఒక సెంటీమీటరు తక్కువ, అంటే 42 అయితే 41. రెండు చివరలూ కలిపి ఒక్కో సెంటీమీటరు లోపలికి పట్టి కుట్టేస్తే 39 చుట్టు వస్తుంది. అంచులు కుట్టక్కర్లేదు, బనీను గుడ్డ దానంతటదే చుట్టుకుంటుంది, దారాలు ఊడవు. కుట్టు ముందుకి తిప్పి, దాని మీద 5 సెంటీమీటర్ల వెడల్పు ముక్కని గట్టిగా చుట్టి వెనక కుడితే ముడి వచ్చేస్తుంది, కుట్టూ కప్పేస్తుంది. తల వెనక అతుకే లేని బ్యాండు బజార్లో వెతికినా కష్టం.

గుండు చేయించాక తొందరపడొద్దు. యాదగిరిగుట్టలోనో, వేములవాడలోనో, తిరుమలలోనో పుట్టువెంట్రుకలు ఇచ్చి వచ్చిన మర్నాడే బంధువుల ఇంటికి బ్యాండు పెట్టి తీసుకెళ్తుంటారు. కత్తి తగిలిన సన్నటి గాట్లు కంటికి కనపడవు. ఎండిన గంధం పొడి బ్యాండు కింద ఇసుకలా రాసుకుంటుంది. వారం ఆగండి. జుట్టు నెలకి సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. క్లిప్పు జారకుండా నిలవాలంటే మూడు నాలుగు సెంటీమీటర్ల వెంట్రుకలు కావాలి. అంటే హెడ్‌బ్యాండు అవసరం మూడు నాలుగు నెలలే, దానికోసం డజను కొనక్కర్లేదు. జనరల్ బజార్‌లో నైలాన్‌ది విడిగానే దొరుకుతుంది. రెండు చాలు, ఒకటి ఉతుకులో, ఒకటి తల మీద.

జనం బాబు అంటున్నారని చెవులు కుట్టించడం తొందరపెట్టే వాళ్లకి ఒక్క మాట. పైన చెప్పినట్టు పోగులతో ఆ అయోమయం తీరదు. ఇంటి ఆనవాయితీ ప్రకారం కుట్టించేదే అయితే 6, 10, 14 వారాల టీకాలు పూర్తయ్యాక, శుభ్రమైన సూదితో చేసేవాళ్ల దగ్గర చేయించండి.

మగపిల్లల తల్లిదండ్రులకి కష్టం ఇంకో రకం. పుట్టువెంట్రుకలు మూడో ఏటి దాకా ఉంచే ఇళ్లలో భుజాల దాకా జుట్టు, పైన పిలక, అందరూ "పాప" అనే అంటారు. వాళ్లకి పనికొచ్చే హెడ్‌బ్యాండు అంటూ ఏదీ లేదు. జుట్టంతా లోపలికి పోయే నూలు టోపీ ఒకటి సరిపోతుంది. పిలకకి సన్నటి రబ్బరు బ్యాండ్లు మాత్రం వాడొద్దు. ఎండకి తెగిపోతాయి, తెగిన ముక్క నోట్లోకి పోతుంది, తీసేటప్పుడు వెంట్రుకలూ ఊడొస్తాయి. గుడ్డ చుట్టిన మెత్తటి రబ్బరు తీసుకోండి.

ఎన్ని పెట్టినా పొరపడేవాళ్లు పొరపడతారు. బ్యాండు పెట్టుకోవడం పాప బాధ్యత కాదు, అది గింజుకుంటే తీసేయండి. "పాపండీ, ఏడో నెల" అంటే చాలు, అవతలి మనిషి "అయ్యో, పాపా! ఎంత బాగుందో" అని సర్దుకుంటారు. తెలియనివాళ్లు అడగాలనుకుంటే "ఎన్నో నెలండీ?" అన్న మాట ఎవరికైనా సరిపోతుంది. దారిన పోయేవాళ్ల పొరపాటు ఆ నిమిషంతో పోతుంది గానీ కాగితం మీద పడింది పోదు. ఆసుపత్రి డిశ్చార్జి కాగితంలో, 21 రోజుల్లో నమోదు చేయించే జనన ధ్రువపత్రంలో ఆడ, మగ అన్న గడి సరిగా ఉందో లేదో అక్కడే నిలబడి చదివి చూసుకోండి.

బ్యాండుని చేత్తో, చల్లటి నీళ్లలో, పిల్లల సబ్బుతో ఉతికి నీడలో పరిచి ఆరేయాలి. ఎండలో తీగ మీద వేలాడేస్తే ఇలాస్టిక్ తొందరగా చచ్చిపోతుంది. వారానికొకసారి మళ్లీ దారంతో కొలవండి. పరిచిన పొడవు మడిచిన దారంతో సమానమైతే దాని పని అయిపోయినట్టే. బిగుతు బ్యాండు కన్నా వదులు బ్యాండే ప్రమాదం, ముక్కు మీదకి జారేది అదే. అలాంటిదాన్ని బొమ్మల బుట్టలో వేయకుండా, కత్తెరతో ఒకచోట కత్తిరించి, చుట్టు లేకుండా చేసి పారేయండి.